మూసుకుపోయిన వంపు: ఇంటి మరుగుదొడ్డి చరిత్రలో ఒక అధ్యాయం

వ్యాససంగ్రహం:

ఇంట్లో మరుగుదొడ్డి మూసుకుపోవడం ఈనాడు ప్రతి కుటుంబానికి ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే సమస్య. దీనిని గృహనిర్వహణకు సంబంధించిన చిన్న విషయంగానే చూస్తాం. కాని ఈ సమస్య ఒకానొక కాలంలో పుట్టింది. అంతకు ముందున్న దొడ్డి మూసుకుపోయేది కాదు, ఎందుకంటే దానిని రోజూ ఒక మనిషి చేతులతో ఎత్తి శుభ్రం చేసేవాడు, చాలాచోట్ల చేసేది. నీటివంపు వచ్చి ఆ మనిషి పనిని ఎంతవరకు తొలగించింది, ఎక్కడికి జరిపింది అన్నది ఈ వ్యాసంలో పరిశీలనాంశం. మాటల సాక్ష్యం, సాంకేతిక చరిత్ర, చట్టాలు ఆధారాలుగా తీసుకున్నాను. అడ్డు పడినప్పుడు ఇంటివారు స్వయంగా ఏమి చేయవచ్చో కూడా సందర్భవశాన వివరించాను.

కీలకపదాలు: మరుగుదొడ్డి, పాయిఖానా, పాకీ, నీటిమూత, సెప్టిక్ ట్యాంకు, పారిశుద్ధ్యవృత్తి, కులం.

1. ప్రవేశిక

మూడేళ్ళ క్రితం మేం అద్దెకుంటున్న అపార్ట్‌మెంటులో మా మరుగుదొడ్డి మూసుకుపోయింది. బకెట్టు నీళ్ళు పోస్తే అంచుదాకా లేచి, అక్కడే నిలిచిపోయాయి. ఇంటి యజమానికి ఫోన్ చేస్తే "వాళ్ళను పిలిపిస్తానండీ" అన్నారు. ఆ 'వాళ్ళు' ఎవరో నేను అడగలేదు, ఆయన చెప్పనూ లేదు. ఇద్దరికీ తెలుసు. గంటకు ఒకాయన వచ్చారు. యాభై ఏళ్ళ పైబడిన మనిషి. చేతులకు తొడుగులు లేవు. ఒక వెదురుబద్ద, కొంచెం పాతగుడ్డ అడిగి తీసుకున్నారు. బయటి చాంబరు మూత ఎత్తి చూసి, "ఇక్కడ ఖాళీగానే ఉంది సార్, లోపల వంపులోనే పట్టింది" అన్నారు. పావుగంటలో పని అయిపోయింది. తాగడానికి నీళ్ళు అడిగితే మా అమ్మ ఒక ప్లాస్టిక్ సీసాలో పోసి ఇచ్చింది. మళ్ళీ తిరిగి తీసుకోనవసరం లేని సీసా. ఆ రోజు నేను గమనించి కూడా ఏమీ అనలేదు. ఆయన నంబరును ఫోనులో 'బాత్రూం' అన్న పేరుతో దాచుకున్నాను.

పరిశోధకునిగా నాకు తర్వాత రెండు ప్రశ్నలు కలిగాయి. 'వంపు' అని ఆయన అంత మామూలుగా అన్న ఆ నిర్మాణం మన ఇళ్ళలోకి ఎలా వచ్చింది? అది వచ్చాక కూడా 'వాళ్ళు' అన్న సర్వనామం ఎందుకు మారలేదు?

2. మాటల సాక్ష్యం

ఈ విషయంలో తెలుగుకు సొంతమాట దాదాపు లేదనే చెప్పాలి. ఉన్నవన్నీ చాటుమాటలు. బహిర్భూమి, కాలకృత్యాలు సంస్కృతం. చెంబు పట్టుకొని వెళ్ళడం, దొడ్డికి వెళ్ళడం అన్నవి వెళ్ళే తీరునో, వెళ్ళే చోటునో చెప్పి ఊరుకుంటాయి. దొడ్డి అంటే మొదట పశువులను కట్టేసే ఆవరణ, లేదా ఇంటి వెనుక పెరడు. దానికి 'చాటు' అనే అర్థమున్న 'మరుగు' చేరి మరుగుదొడ్డి అయింది. 'మురుగు' అన్న మాటకూ దీనికీ ఒక్క ఉకారమే తేడా. వ్యుత్పత్తిపరంగా వీటికి సంబంధం ఉందని నేను అనడం లేదు. తరగతిలో విద్యార్థులు ఒకదానికి బదులు ఇంకొకటి రాయడం మాత్రం తరచుగా చూస్తాను.

పాయిఖానా పారసీ నుంచి వచ్చింది. పాయ్ అంటే పాదం, ఖానా అంటే గది, ఇల్లు. తెలంగాణలో సండాసు అన్న మాట ఇప్పటికీ పెద్దల నోట వినిపిస్తుంది. లెట్రిను, బాత్రూం ఇంగ్లీషు చాటుమాటలు. బాత్రూం అంటే స్నానాలగది, కాని మనం ఆ మాటతో రెండింటినీ చెప్పుకుంటాం.

చోటుకున్న పేర్ల కంటే మనుషులకున్న పేర్లు ఎక్కువ సంగతి చెబుతాయి. మెహతర్ అన్న మాటకు పారసీలో పెద్దవాడు, నాయకుడు అని అర్థం. మలం ఎత్తేవారికి ఆ పేరు పెట్టడంలో ఉన్నది మర్యాదో, వెక్కిరింతో తేల్చడం కష్టం. పాకీ అన్న మాటను 'పాక్' అనే పారసీ పదంతో, అంటే శుభ్రం, పవిత్రం అన్న అర్థంతో, కలిపి చూడటానికి వీలుందని నా అభిప్రాయం. 'సఫాయి' కూడా ఇలాంటిదే, అరబ్బీలో స్వచ్ఛత అన్న భావం నుంచి వచ్చింది. అంటే శుభ్రతను సూచించే మాటలన్నీ శుభ్రం చేసేవారి మీదికి వెళ్ళి, అక్కడ తిట్లుగా మారాయి. మన రాష్ట్రాల షెడ్యూల్డు కులాల జాబితాలో పాకీ, మెహతర్ అన్న పేర్లు ఈనాటికీ ఉన్నాయి. వృత్తి పేరే కులం పేరుగా చట్టపు కాగితం మీద నిలిచింది. ఉత్తరాంధ్ర పట్టణాలలో ఈ పని ఎక్కువగా రెల్లి కులస్థుల మీద పడింది.

3. మూసుకుపోని దొడ్డి

ఇంటికి దూరంగా విసర్జించాలన్న నియమం ధర్మశాస్త్రాలలో ఉంది, మనుస్మృతి చెబుతుంది. పల్లెల్లో అది ఇటీవలి దాకా వాడుకగానే సాగింది. సింధులోయ నగరాలలో కప్పుగల మురుగుకాల్వలు, వాటిలో అక్కడక్కడ మడ్డి దిగడానికి గుంతలు తవ్వకాలలో బయటపడ్డాయి. మడ్డి దిగే గుంత ఉందంటే దానిని ఎత్తిపోసే మనిషి కూడా ఉండే ఉంటాడు. ఆ మనిషి గురించి ఇటుకలు ఏమీ చెప్పవు.

పట్టణాలు పెరిగాక దూరం వెళ్ళడానికి చోటు లేకపోయింది. ఇంటి వెనుకగోడకు ఆనించి ఎత్తుగా రెండు దిమ్మెలు, వాటి కింద రేకుడబ్బా లేదా బూడిద చల్లిన నేల, వెనుక సన్నని సందులోకి తెరుచుకునే చిన్న తలుపు. ఇదీ ఎండుదొడ్డి నిర్మాణం. తీరాంధ్ర పాత పట్టణాలలో వెడల్పు లేని ఆ వెనుకసందులు ఇప్పటికీ కొన్నిచోట్ల మిగిలి ఉన్నాయి. వీధివైపు నుంచి ఇంట్లోకి రాకూడని మనిషి కోసమే ఆ సందు. ఇంటిలోనివారూ దొడ్డి ఎత్తే మనిషీ ఎదురుపడకుండా గోడలను కట్టారు. ఆ ఇంటి నక్ష చూస్తే చాలు, కులవ్యవస్థ మీద వేరే పాఠం అక్కరలేదు.

ఈ దొడ్డి మూసుకుపోదు, అందులో గొట్టం లేదు గనుక. దానికి ఉండే ఇబ్బంది ఒకటే: ఆ మనిషి రాకపోవడం. మద్రాసు ప్రెసిడెన్సీలో 1884, 1920 సంవత్సరాల జిల్లా మునిసిపాలిటీల చట్టాలు దొడ్ల శుభ్రతను పురపాలకసంఘాల పరిధిలోకి తెచ్చాయి. వృత్తి కొంతమేరకు ఉద్యోగం అయింది, కాని చేసే కులం మారలేదు. ఉత్తరభారతంలో పలుచోట్ల ఫలానా ఇళ్ళ దొడ్లు ఫలానా కుటుంబానివి అన్న వంశపారంపర్య 'హక్కు' ఉండేది. వాటి రద్దును పరిశీలించడానికి 1965లో మల్కానీ అధ్యక్షతన ఒక సంఘాన్ని నియమించవలసి వచ్చింది. మలం ఎత్తే బాధ్యతను ఆస్తిహక్కుగా రాసుకున్న సమాజం గురించి ఇంతకంటే వివరించనవసరం లేదు.

ఇక్కడే గాంధీ ఆత్మకథలోని డర్బన్ ఘట్టాన్ని గుర్తుచేసుకోవాలి. ఇల్లు పాశ్చాత్య పద్ధతిలో కట్టింది. గదులకు మురికినీరు పోయే దారి లేదు, ప్రతి గదిలో పాత్ర ఉండేది. పంచమ తల్లిదండ్రులకు పుట్టిన ఒక క్రైస్తవ గుమాస్తా పాత్రను ఎత్తడం దగ్గర కస్తూర్బాకూ ఆయనకూ ఘర్షణ జరిగింది. దీనిని సాధారణంగా భార్యాభర్తల కథగా, గాంధీ కోపం కథగా చదువుతాం. నా దృష్టిలో అది గొట్టం లేని ఇంటి కథ కూడా. గది నుంచి బయటికి నీటిదారి ఉంటే ఆ రోజు ఆ ప్రశ్నే వచ్చేది కాదు. రాకపోతే దాని వెనుక ఉన్న అంటరానితనం ఆ ఇంట్లో బయటపడేదీ కాదు.

4. వంపు కథ

1596లో ఇంగ్లండులో జాన్ హారింగ్టన్ నీటితో కొట్టుకుపోయే దొడ్డిని వర్ణిస్తూ పుస్తకం రాశాడు. అప్పట్లో అది వేళాకోళంగానే మిగిలింది. అసలు మలుపు 1775లో వచ్చింది. అలెగ్జాండర్ కమ్మింగ్ వృత్తిరీత్యా గడియారాలు చేసేవాడు. ఆయన పేటెంటు తీసుకున్న దొడ్డిలో గిన్నె కింద గొట్టాన్ని ఇంగ్లీషు 'ఎస్' అక్షరంలా వంచాడు. నీరు పోసిన ప్రతిసారీ కొంత నీరు ఆ వంపులో నిలిచిపోతుంది. అదే మూత. కింది గొట్టంలోని వాయువులు ఆ నీటిని దాటి పైకి రాలేవు. దీనిని వాటర్ సీల్ అంటారు, నీటిమూత అందాం. గిన్నె అడుగున ఆయన పెట్టిన జారుడు తలుపు సరిగా పనిచేయలేదు. 1778లో జోసెఫ్ బ్రామా దాన్ని కీలుతలుపుగా మార్చాడు. కాలక్రమంలో తలుపు పోయింది, వంపు మిగిలింది. 1851 లండన్ మహాప్రదర్శనలో జార్జ్ జెన్నింగ్స్ అమర్చిన దొడ్లను జనం ఒక పెన్నీ ఇచ్చి వాడుకున్నారు.

అయితే ఇంట్లో నీటిదొడ్డి ఉన్నంత మాత్రాన నగరం శుభ్రపడదు. లండన్ ఇళ్ళ నుంచి కొట్టుకుపోయిన మలమంతా థేమ్స్ నదిలో చేరి, 1858 వేసవిలో దుర్గంధం భరించలేని స్థితికి వచ్చింది. బజల్గెట్ పర్యవేక్షణలో పెద్ద మురుగుకాల్వలు కట్టింది ఆ తర్వాతే. కాల్వలు లేనిచోటికి సెప్టిక్ ట్యాంకు వచ్చింది. ఫ్రాన్సులో మూరాస్ 1881లో ఈ తరహా గుంతకు పేటెంటు పొందాడు. ఇంగ్లండులోని ఎక్సెటరులో డొనాల్డ్ కామెరాన్ 1890లలో 'సెప్టిక్ ట్యాంకు' అన్న పేరుతో దానిని ప్రచారంలోకి తెచ్చాడు.

ఈ క్రమంలో ఒక సంగతి తప్పించుకోలేనిది. దుర్వాసనను ఆపే వంపే వస్తువులనూ ఆపుతుంది. తిన్నని గొట్టం మూసుకుపోయే అవకాశం తక్కువ, కాని దాని పక్కన ఎవరూ కాపురం చేయలేరు. దొడ్డి పెరట్లో నుంచి ఇంట్లోకి, చివరికి పడకగది పక్కకు రాగలిగింది వంపు వల్లనే. అడ్డు పడటం అన్నది దానికి మనం చెల్లించే మూల్యం.

5. తెలుగునేల మీద నీటిదొడ్డి

1908 సెప్టెంబరులో మూసీ వరదలు హైదరాబాదును ముంచెత్తిన తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యను నిజాం ప్రభుత్వం పిలిపించింది. వరదల నివారణతో పాటు నగరానికి ఆధునిక మురుగుపారుదల అవసరమని ఆయన సూచించారు. 1920లలో మళ్ళీ ఆ పని మీద సలహాలిచ్చారు. ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. 1930ల ఆరంభానికి నగరంలో భూగర్భ కాల్వల వ్యవస్థ ఏర్పడింది. చరిత్ర పాఠాలలో జలాశయాలకు దక్కిన చోటు ఈ కాల్వలకు దక్కలేదు. నీటిదొడ్డికి కావలసినవి రెండూ అవే: పైనుంచి వచ్చే నీరు, కిందికి పోయే దారి.

మిగతా పట్టణాలలో చాలాచోట్ల కాల్వలు రాలేదు, సెప్టిక్ ట్యాంకే గతి అయింది. పల్లెలకైతే నీరే కరువు. ఇక్కడ స్వాతంత్ర్యానంతరం మన దేశంలో జరిగిన ఒక సాంకేతిక కృషిని తప్పక చెప్పాలి. 1950లలో లక్నోలోని ప్రణాళికా పరిశోధన సంస్థ వంటివి తక్కువ నీటితో నడిచే దొడ్డిని రూపొందించాయి. గిన్నె వాలును బాగా పెంచి, నీటిమూత లోతును మామూలుగా ఉండే 50 మిల్లీమీటర్ల నుంచి 20 మిల్లీమీటర్లకు తగ్గించారు. ఒకటిన్నర, రెండు లీటర్ల నీళ్ళు చెంబుతో పోస్తే చాలు. బిందేశ్వర్ పాఠక్ 1970లో స్థాపించిన సులభ్ సంస్థ ఈ పద్ధతిని రెండు గుంతలతో విస్తరింపజేసింది. ఒక గుంత నిండితే రెండోదానికి మళ్ళిస్తారు. మొదటిది ఏడాదిన్నర, రెండేళ్ళు ఆరితే వాసన లేని ఎరువు అవుతుంది. పచ్చి మలాన్ని ఎవరూ ముట్టుకోనవసరం లేదు. వంపును లోతు తగ్గించి, గుంతను రెండుగా చీల్చిన ఈ చిన్న మార్పులో నాకు కనిపించేది ఇంజనీరింగు ఒక్కటే కాదు. ఒక మనిషిని ఆ పని నుంచి తప్పించాలన్న స్పష్టమైన ఉద్దేశం కూడా. 2014 తర్వాత స్వచ్ఛభారత్ కింద 12,000 రూపాయల ప్రోత్సాహకంతో కట్టుకోమన్నది చాలావరకు ఈ రెండుగుంతల దొడ్డినే. కాని రెండోది తవ్వకుండా ఒకే లోతు గుంతతో సరిపెట్టుకున్నచోట ఈ ఉద్దేశమంతా పోతుంది. అది నిండిన రోజు మళ్ళీ 'వాళ్ళు' కావాలి.

6. అడ్డు ఎక్కడ పడుతుంది?

ఆ రోజు వచ్చినాయన చాంబరు మూత ఎత్తి చూడటం అనుభవం నేర్పిన పద్ధతి. ముందు అడ్డు ఎక్కడుందో తేల్చుకోవాలి. ఇంట్లో ఒక్క దొడ్డిలోనే నీరు నిలిస్తే అడ్డు దాని వంపులో ఉంటుంది. స్నానాలగది, వంటగది నీళ్ళు కూడా వెనక్కి తంతుంటే చాంబరులోనో, ట్యాంకులోనో ఉన్నట్లు. నీళ్ళు పోతూ గుడగుడమని చప్పుడు వస్తే గాలిగొట్టం మూసుకుపోయిందేమో చూడాలి.

వంపులో పట్టినదానికి ముందుగా చేయవలసింది నీళ్ళు పోయడం ఆపడం. తొందరలో మనం చేసేది సరిగ్గా దీనికి వ్యతిరేకం. తర్వాత కొంచెం పాత్రలు కడిగే ద్రవసబ్బు వేసి, చేయి పట్టగలిగినంత వేడినీళ్ళు పోసి పావుగంట ఆగితే మెత్తని అడ్డు చాలావరకు జారిపోతుంది. మరుగుతున్న నీళ్ళు పోస్తే పింగాణీ పగులుతుంది. కదలకపోతే రబ్బరు గిన్నె ఉన్న ప్లంజరు వాడాలి. గిన్నె పూర్తిగా నీటిలో మునిగి, రంధ్రం చుట్టూ సందు లేకుండా కూర్చోవాలి. తోయడం కంటే లాగడమే ఎక్కువ పని చేస్తుంది. మన నేలబేసిన్లకు ప్లంజరు సరిగా అతకదు. అందుకే కర్రకు తడిగుడ్డ బిగించి అదే పని చేయించడం వాడుకలో ఉంది. ఆ వెదురుబద్ద రహస్యం ఇంతే. గట్టి వస్తువు ఇరుక్కుంటే తోయకూడదు, వంగే స్ప్రింగుతీగ పంపి బయటికి లాగాలి. ఇవన్నీ చేతితొడుగులు వేసుకొని ఇంటిలోని ఎవరైనా చేయగల పనులు.

చేయకూడనిది యాసిడ్ పోయడం. అది గుడ్డనూ ప్లాస్టిక్‌నూ కరిగించదు. ముందే బ్లీచింగు వేసి ఉంటే క్లోరిన్ వాయువు పుడుతుంది. ట్యాంకులో మలాన్ని కుళ్ళబెట్టే సూక్ష్మజీవులను చంపుతుంది. అన్నిటికంటే ముఖ్యంగా, యాసిడ్ పోసి విసిగిపోయాక మనం పిలిచే మనిషి చేతులు ఆ నీళ్ళలోనే పెడతాడు. ఈ సంగతి ఆయనకు మనం చెప్పం.

అడ్డు పడేవాటి జాబితా ఎవరింట్లోనైనా ఒకటే: శానిటరీ ప్యాడ్లు, పసిపిల్లల డైపర్లు, తడి తుడుపుకాగితాలు, జుట్టు, గుట్కా పొట్లాలు. వీటికి దొడ్డిగదిలోనే మూతున్న ఒక డబ్బా ఉంటే సమస్యలో ఎక్కువభాగం ఉండదు. ఆ డబ్బా పెట్టడానికి చాలా ఇళ్ళలో అడ్డొచ్చేది సిగ్గు. కాలేజీ హాస్టళ్ళలో దొడ్లు ఎందుకు మూసుకుపోతాయో అధ్యాపకులందరికీ తెలుసు, సమావేశాలలో ఎవరూ పలకరు. తెలుగులో దీనికి మాట దొరకని సంగతి ముందే చెప్పాను.

7. గుంతలోకి దిగినవారు

ఎండుదొడ్ల నిర్మాణాన్ని, మనుషుల చేత మలం ఎత్తించడాన్ని నిషేధించే చట్టం 1993లో వచ్చింది. పారిశుద్ధ్యం రాష్ట్రాల విషయం కావడంతో కొన్ని రాష్ట్రాల శాసనసభలు తీర్మానాలు చేసి కోరితే పార్లమెంటు ఈ చట్టం చేసింది. ఆ తీర్మానాలు చేసిన ఆరు రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. అమలులోకి వచ్చింది మాత్రం 1997 జనవరి 26న. కాగితం మీది ఈ చట్టాన్ని నేల మీదికి దించింది ప్రభుత్వాలు కావు. కోలార్ బంగారుగనుల ప్రాంతంలో తెలుగు మాట్లాడే పారిశుద్ధ్య కార్మికుల కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్, విశ్రాంత ఐ.ఎ.ఎస్. అధికారి ఎస్.ఆర్. శంకరన్ తదితరులు నడిపిన సఫాయి కర్మచారి ఆందోళన్ ఆ పని చేసింది. ఆంధ్రప్రదేశ్‌లో ఎండుదొడ్లను గుర్తించి, కూల్చివేయించడం ఆ ఉద్యమంలో ముఖ్యఘట్టం. 2003లో వారు సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 2013లో కొత్త చట్టం వచ్చింది. 2014 మార్చి 27 తీర్పులో, 1993 నుంచి మురుగుకాల్వలలో మరణించినవారి కుటుంబాలకు 10 లక్షల రూపాయల చొప్పున ఇవ్వాలని కోర్టు ఆదేశించింది. 2023 అక్టోబరులో ఆ మొత్తాన్ని 30 లక్షలకు పెంచింది.

ఎండుదొడ్డి పోయింది, మరణాలు ఎందుకు సాగుతున్నాయి? మలం ఎత్తే చోటు పెరటి సందు నుంచి నేల కిందికి జరిగింది గనుక. మూసి ఉన్న ట్యాంకులో హైడ్రోజన్ సల్ఫైడు, మీథేను చేరతాయి, ప్రాణవాయువు తగ్గిపోతుంది. హైడ్రోజన్ సల్ఫైడు మోతాదు పెరిగితే ముక్కు దాని వాసనను పసిగట్టలేదు. దిగిన మనిషి కేక వేసే లోపే పడిపోతాడు. అతన్ని లాగడానికి దిగిన రెండో మనిషి కూడా అలాగే. వార్తలలో ఇద్దరు, ముగ్గురు ఒకేసారి మరణించినట్లు చదవడానికి కారణం ఇదే. రక్షణ సాధనాలు లేకుండా ట్యాంకులోకి మనిషిని దించడం 2013 చట్టం ప్రకారం నేరం. మొదటిసారికి రెండేళ్ళ వరకు జైలు, రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. ఈ నిషేధం పురపాలకసంఘాలకే కాదు, పిలిపించిన ఇంటివారికి కూడా వర్తిస్తుంది. ఇది ఎక్కువమందికి తెలియదు. హైదరాబాదులో జలమండలి ఇరుకుసందులలోకి వెళ్ళే చిన్న జెట్టింగ్ యంత్రాలను ప్రవేశపెట్టింది. యంత్రం కాల్వను శుభ్రం చేయగలదు, ఇంటి ట్యాంకు మాత్రం ఇంటివారి చేతిలోనే ఉంటుంది. రెండు, మూడేళ్ళకోసారి మడ్డి తీయిస్తే గట్టిపడదు, పంపు పీల్చగలదు. పదేళ్ళు వదిలేస్తే అడుగున రాయిలా పేరుకుపోతుంది, అప్పుడు పార పట్టుకొని దిగే మనిషి కావాలి.

మా అపార్ట్‌మెంటులో గత వేసవిలో ఇదే జరిగింది. ట్యాంకరు వచ్చింది. ట్యాంకు ఎక్కడుందో ఎవరికీ తెలియలేదు. పార్కింగులో పలకలు పరిచినప్పుడు రెండు మూతల్లో ఒకదాన్ని కప్పేశారట. ఉన్న ఒక్క మూత నుంచి గొట్టం అవతలి అరకు అందలేదు. డ్రైవరు "ఒక మనిషి దిగితే అయిపోతుంది సార్, రెండువేలు ఎక్కువిస్తే చాలు" అన్నాడు. మనిషి అప్పటికే చొక్కా విప్పుతున్నాడు. సంఘం కార్యదర్శి నా వైపు చూశారు, నేను చట్టం సంగతి చెప్పాను. కొందరు విసుక్కున్నారు. చివరికి ట్యాంకరును పంపించేసి, మరుసటి ఆదివారం పలకలు పగలగొట్టి రెండో మూతను బయటికి తీశారు. ఫ్లాటుకు ఆరువందల చొప్పున పడింది. రెండు ఫ్లాట్లవారు ఆ డబ్బు ఇంకా ఇవ్వలేదు.